ఎదురు కుర్చీ

పై వాటాలో దెయ్యాల సినిమా తీస్తారట అని వీధిలో అందరూ చెవులు కొరుక్కుంటుండగానే, అందులో మొదటి పని టైలరమ్మకే తగిలింది.

“మొత్తం తొమ్మిది కిటికీలు ఆంటీ. సూది మొనంత వెలుతురు కూడా లోపలికి రాకూడదు,” అంటూ డైరెక్టర్ పిల్ల రెండు నల్లగుడ్డ తానులు తెచ్చి కౌంటరు మీద పడేసింది. ముప్పై ఏళ్ళు నిండాయో లేదో. జుట్టు పెన్సిలుతో ముడేసుకుని, ఆ పెన్సిలు ఎక్కడ పెట్టానా అని సంచంతా వెతుక్కుంటోంది.

“దెయ్యాల సినిమా రాత్రిపూట తీసుకోవచ్చుగా? ఈ గుడ్డలన్నీ ఎందుకు?”

“రాత్రయితే మావాళ్ళు నిద్రపోతారు ఆంటీ. మా కెమెరా అబ్బాయి నిలబడే గురకపెడతాడు. అందుకే పగటినే రాత్రి చేసుకుంటున్నాం.”

టైలరమ్మ నవ్వి, పెన్సిలు తల్లో ఉందని చూపించింది.

ఆ మూడంతస్తుల భవనంలో కింది వాటా వాళ్ళది. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. ప్యాంట్లు పొట్టిచేయడం, కోట్లకి అస్తరు మార్చడం, చెడిన జిప్పులు తీసి కొత్తవి వేయడం, ఒళ్ళు చేసినవాళ్ళ బట్టలు వదులు చేసి ఆ సంగతి మూడోకంటికి తెలియకుండా కడుపులో దాచుకోవడం. పాతికేళ్ళుగా ఆవిడ పని అదే. భర్త లిఫ్ట్ మెకానిక్. ముప్పై రెండేళ్ళు ఎత్తు భవనాల అడుగు గుంతల్లోనూ, పైకప్పు గదుల్లోనూ పనిచేసి కిందటేడే రిటైరయ్యాడు. అప్పట్నుంచి ఇంట్లో ఆయనకి కాలు నిలవదు. బిగించడానికి వదులైన మర ఏదీ దొరక్కపోతే, గట్టిగా ఉన్నదాన్నే వదులుచేసి మళ్ళీ బిగించే రకం.

“ఇంతకీ కథేంటమ్మా?” అని కొలతలు రాసుకుంటూ అడిగింది టైలరమ్మ.

“చూసేవాళ్ళకి ఇది సినిమా అనిపించకూడదు ఆంటీ. ఎవరో కెమెరా పట్టుకుని నిజంగానే ఒక ఇంటికెళ్ళినట్టుండాలి. ఆ ఇంట్లో వయసొచ్చిన కూతురు జబ్బుచేసి పోయింది. అప్పట్నుంచి తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. మేం వెళ్ళి తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాం. అడగ్గా అడగ్గా తేలేదేంటంటే, తండ్రి ఏదో దాచాడు. అది బయటపెట్టేదాకా ఆ పిల్ల ఇల్లు వదలదు.”

“ఏం దాచాడు?”

“అది నాకూ తెలీదు. ఆ వేషం వేసే ఆయన్నే కల్పించుకోమన్నా. నేను రాసిస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది.”

టైలరమ్మ కొలతల కాగితం మీదికి వంగింది. నలభై ఎనిమిది అంగుళాల కిటికీకి ముప్పై ఎనిమిది అని రాసిన సంగతి ఆవిడ గమనించనూ లేదు. ఆవిడ చేతి మీదుగా అలాంటి పొరపాటు ఏనాడూ జరిగింది కాదు.

ఏడేళ్ళ కిందట వాళ్ళమ్మాయి పోయింది. పంతొమ్మిదేళ్ళది. ఆ పిల్లని పేరుతో పిలిచింది బడిలో టీచర్లే. ఇంట్లో, వీధిలో అందరికీ పిడుగే. ఆ నోరు అలాంటిది. జ్వరమని ఆస్పత్రిలో చేర్పిస్తే అది రక్తంలోకి పాకిందన్నారు. పదకొండో రోజున పోయింది. ఆ పదకొండు రోజులూ తల్లి మంచం పట్టుకుని వేలాడింది, ఒక్క ఆ ఆఖరి మధ్యాహ్నం తప్ప. స్నానం చేసి, ఓ గంట నడుం వాల్చి వస్తానని ఇంటికెళ్ళింది. ఆ నిద్రలో ఉండగానే ఫోనొచ్చింది. ఆవిడ ఆస్పత్రి మెట్లెక్కేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది.

“నిద్రలోనే పోయింది,” అన్నాడు భర్త. “ఏమీ అడగలేదు. కళ్ళు కూడా తెరవలేదు.”

ఆ మూడు ముక్కలే ఆవిడ అందరికీ చెప్పింది. పలకరించడానికొచ్చిన అక్కకీ, ఆడపడుచుకీ, బట్టలివ్వడానికొచ్చి ఏమనాలో తెలియక నిలబడిపోయినవాళ్ళకీ. పోనీలే, బాధ తెలియకుండా పోయింది తల్లి అన్నారంతా. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాల మధ్య ఆ పిల్ల ఊసు రాలేదు. ముందు తానెత్తితే రెండోవాళ్ళు కుప్పకూలిపోతారేమోనని ఇద్దరికీ భయం. గోడ మీద ఫోటో ఉంది. దుమ్ము తుడిచేది ఆవిడ, పక్కకి ఒరిగితే సరిచేసేది ఆయన. అంతవరకే.

సినిమావాళ్ళు వచ్చి నాలుగు రోజులైంది. టైలరమ్మ కుట్టిన తెరలు మేకులకి ఎక్కాయి, పై వాటా పట్టపగలే చీకటైపోయింది. మొదటి చిక్కు తలుపు దగ్గరొచ్చింది. ఎవరూ ముట్టుకోకుండా అది మెల్లగా తెరుచుకోవాలి. కెమెరా అబ్బాయి దారం కట్టి మంచం కింద దాక్కుని లాగితే, ఆ తలుపు భయపెట్టడం మాట అటుంచి, ఎవరో బాకీవాడొచ్చి తన్నినట్టు భళ్ళుమని తెరుచుకునేది. ఆ చప్పుడుకి లిఫ్ట్ మెకానిక్ పైకెళ్ళాడు. ఒక కప్పీ, చేపల గాలం తాడూ, ఇసుక నింపిన రెండు డబ్బాలూ తెచ్చి, పొద్దు వాలేలోగా తలుపుకి బుద్ధి నేర్పాడు.

“లిఫ్ట్ మోటారు బలంతో లేస్తుందనుకుంటారమ్మా అందరూ,” అని డైరెక్టర్‌కి వివరించాడాయన. “కాదు. అవతల ఒక బరువు కిందికి దిగుతుంటుంది. అది కనబడదు. కనబడని బరువు దిగితేనే కనబడే పెట్టె లేస్తుంది. మీ తలుపూ అంతే.”

డైరెక్టర్ పిల్ల ఆయన మొహంకేసి కాసేపు అలాగే చూసింది. తండ్రి వేషానికి వచ్చిన నటుడు నలభై ఏళ్ళు నాటకాల్లో పండిపోయిన మనిషి. ఏ కంట్లోంచి నీళ్ళు కావాలంటే ఆ కంట్లోంచి తెప్పించగలడు. “ఆయన ఏడుస్తుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తోంది అంకుల్. అదే గొడవ,” అంది. “మీరు కూర్చుంటారా ఆ కుర్చీలో?”

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాడాయన, కంచంలోంచి తలెత్తకుండా.

“మీరు ఒప్పుకున్నారా?” అంది టైలరమ్మ.

“ఊరికే కూర్చోవడమేగా. నాలుగు మాటలడుగుతారట.”

“ఏం మాటలో తెలుసా మీకు? కథేంటో చెప్పిందా?”

“చెప్పింది.”

“చెప్పినా ఒప్పుకున్నారు!”

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, దాని అంచు చుట్టూ వేలు తిప్పాడు. “ఆ పెద్దాయన చేస్తుంటే చూశానే. కూతురు పోయిన తండ్రి అలా ఉండడు. అలా ఉంటాడని జనం అనుకోకూడదనిపించింది.”

ఏడేళ్ళలో ఆ ఇంట్లో ఆ విషయం మీద పుట్టిన మాట అదొక్కటే. టైలరమ్మ లేచి కంచాలు ఎత్తేసింది.

మర్నాడు మధ్యాహ్నం కెమెరా అబ్బాయి గబగబా మెట్లు దిగొచ్చాడు. వంటగది కిటికీ తెర పది అంగుళాలు పొట్టిగా ఉందట, ఎండ సరిగ్గా ఆ సందులోంచే హాల్లోకి పడుతోందట. టైలరమ్మ నాలుక కరుచుకుని, ముక్క గుడ్డా సూదీ దారం పట్టుకుని పైకెళ్ళింది. వంటగదిలో స్టూలెక్కి అతుకు వేస్తుండగానే హాల్లోంచి “అందరూ నిశ్శబ్దం, మొదలెడుతున్నాం” అని కేక వినిపించింది.

ఆవిడ కదలబోయింది. మూల కూర్చున్న శబ్దం మనిషి వద్దన్నట్టు చెయ్యి చూపించాడు. ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. హెడ్‌ఫోన్లు తలకి అంటుకుపోయినట్టే ఉంటాయి, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడతాడు, టీ అడిగినా సరే. “ఇప్పుడు నడిస్తే చెక్కనేల కిర్రుమంటుందమ్మా. అయ్యేదాకా ఇలా కూర్చోండి,” అని, ఏమీ తోచకుండా కూర్చోవడం ఆవిడకి కష్టమనుకున్నాడేమో, రెండో జత హెడ్‌ఫోన్లు చేతికిచ్చాడు. “మీవారేగా. వినండి.”

పెట్టుకుంది. మొదట ఆయన ఊపిరి వినిపించింది. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి ఊపిరే. చెవిలోనే ఉన్నట్టుంది.

“ఆ రోజు ఏం జరిగింది?” డైరెక్టర్ గొంతు.

“మధ్యాహ్నం. మా ఆవిణ్ణి నేనే ఇంటికి పంపాను. మూడు రోజులైంది అది నిద్రపోయి. నేనున్నాగా, వెళ్ళు అన్నాను.”  ఎక్కడో కుర్చీ కదిలింది. “రెండున్నరకి పిల్ల లేచింది. నాన్నా, అమ్మేది అంది. ఇంటికెళ్ళిందమ్మా, వచ్చేస్తుంది అన్నాను. సరే అంది. ఐదు నిమిషాలకి మళ్ళీ అమ్మేది అంది. ఫోన్ చెయ్యి నాన్నా అంది.”

“చేశారా?”

“ఫోన్ చేతిలోనే ఉంది. ఆ పొద్దున డాక్టరు కాస్త నయమన్నాడు. నయమన్నాడు కదా, ఎందుకు లేపడం, ఇంకో గంట పడుకోనీ అనుకున్నాను. చేస్తున్నానమ్మా అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. చెయ్యలేదు. ఎత్తట్లేదమ్మా, నిద్రపోతున్నట్టుంది అన్నాను. అప్పుడు కూడా సరే అంది. నా చెయ్యి తీసుకుని బుగ్గ కింద పెట్టుకుంది. అమ్మా, అమ్మా అని లోపల్లోపల అనుకుంటూ ఉంది. మూడింటికల్లా… అంతే. దానికి నేను చెప్పిన ఆఖరి మాట అబద్ధం.”

“తర్వాత మీ ఆవిడకి ఏం చెప్పారు?”

“నిద్రలో పోయిందని చెప్పాను. ఏమీ అడగలేదని చెప్పాను. ఎందుకు చెప్పానంటే…”

సరిగ్గా అప్పుడే కింద ఎవరో నీళ్ళ మోటారు వేశారు. ఆ రొద గోడల్లోంచి పాకి హెడ్‌ఫోన్ల నిండా నిండిపోయింది. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. మాట తెలియడం లేదు. తల్లి వేషం వేసిన నటి వెక్కిళ్ళు మాత్రం ఆ రొదలోంచి కూడా తెలుస్తున్నాయి. ఎవరో పరాయి ఆడమనిషి, తన మొగుడి మాటకి తన బదులు ఏడుస్తోంది.

టైలరమ్మ హెడ్‌ఫోన్లు తీసి స్టూలు మీద పెట్టింది. అతుకు సగంలోనే వదిలేసి వెనక మెట్ల మీదుగా కిందికొచ్చేసింది. మిషను ముందు కూర్చుంది. ఎవరిదో ప్యాంటు అంచు కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. చూస్తే రెండు కాళ్ళూ కలిపి కుట్టేసి ఉంది.

గంట తర్వాత ఆయన దిగొచ్చాడు, మొహం కడుక్కున్నాడు.

“ఎలా జరిగింది?” అంది, తలెత్తకుండా.

“ఏముంది. నోటికొచ్చిందేదో చెప్పాను.”

నోటికొచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఆ పూటంతా కొట్టుమిట్టాడింది. కల్పించుకోమనే కదా ఆ పిల్ల చెప్పింది? కల్పించాడేమో. తలుపుకి ఇసుక డబ్బాలు కట్టినట్టే, సినిమాకి కావలసిన బరువేదో తగిలించాడేమో. కానీ బుగ్గ కింద చెయ్యి పెట్టుకోవడం? చిన్నప్పట్నుంచీ పిడుగు అలవాటది. అలవాటు నిజమైతే మాత్రం మిగతాదీ నిజమవ్వాలనేముంది? కల్పించేవాడు కూడా ఇంట్లో ఉన్న సరుకే కదా వాడేది. నిజమని తేలితే ఆయన్ని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. అబద్ధమని తేలితే తాను ఏమైపోతుందో అది అసలే తెలియలేదు. ఎందుకంటే, అమ్మేది అని ఆ పిల్ల అడిగిందన్న మాట చెవిన పడగానే, ఒళ్ళంతా మండిపోతూ ఉండగానే, లోపల ఎక్కడో చిక్కు పడి బిగుసుకుపోయిన దారం ఒకటి పట్టు సడలింది. అది మళ్ళీ బిగుసుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ పిల్ల దుకాణానికొచ్చి కౌంటరుకి చేరబడింది.

“నిన్న అంకుల్ చెప్పింది అద్భుతం ఆంటీ. మా అందరికీ నోట మాట రాలేదు. కానీ ఆఖరి ముక్క మీద మోటారు రొద పడింది. ఇంకొక్కసారి చెప్పమంటే ససేమిరా అంటున్నారు. మీరు చెబితే వింటారేమో.”

“వినరు,” అంది టైలరమ్మ. కత్తెర పక్కన పెట్టింది. “ఆయన చెప్పేటప్పుడు ఎదురు కుర్చీలో ఆ నటి కూర్చుంటుందా?”

“కూర్చుంటుంది. ఎవరో ఒకరి కళ్ళలోకి చూస్తే మాట బాగా వస్తుందని. ఆవిడ ఫ్రేములో ఉండదు, కెమెరా అంకుల్ మీదే.”

“అయితే ఇవాళ నేను కూర్చుంటా. ఆయనకి ముందుగా చెప్పకు. ఊరికే తలుపు చూసి పొమ్మని పిలువు.”

ఆ పిల్లకి ఏమర్థమైందో, ఏం కాలేదో. అడగాలనుకున్నది మింగేసి తలూపింది.

పై వాటా హాల్లో ఒక్క దీపమే వెలుగుతోంది. కింద వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, గదిలో మాత్రం నడిరేయి. ఆయన చేతిలో పట్టకారుతో లోపలికొచ్చాడు. తలుపు కుశలమే. తిరగబోతూ ఎదురు కుర్చీలో భార్యని చూశాడు.

“నువ్వేంటి ఇక్కడ?”

“కూర్చోండి.”

“నాకు పనుంది,” అని ఆయన డైరెక్టర్ వైపు తిరిగాడు. “చెప్పాను కదమ్మా, మళ్ళీ నావల్ల కాదని.”

“ఆ పిల్ల కాదు, నేను అడుగుతున్నా. కూర్చోండి,” అంది టైలరమ్మ. “నిన్న నేను వంటగదిలో ఉన్నాను. చెవులాయన వినమని ఇచ్చాడు. విన్నాను.”

ఆయన చేతిలో పట్టకారు కుర్చీ మీద పెట్టబోయి, మళ్ళీ తీసి, నేల మీద పెట్టి, కూర్చున్నాడు. వెలుతురు ఆయన మొహం మీద పడింది. నిన్నటి కన్నా పదేళ్ళు ముసలివాడిలా ఉన్నాడు.

“ఒక్కటే చెప్పండి. కల్పించారా, నిజమా?”

 చెవులాయన మెల్లగా తలెత్తి డైరెక్టర్ వైపు చూశాడు. ఆ పిల్ల చేతిలో కాగితాలు కదలడం మానేశాయి.

“నిజం,” అన్నాడాయన.

“ఎన్నిసార్లు అడిగింది?”

“లెక్కపెట్టలేదే.”

“నా పిల్ల నా కోసం అడిగిన మాట మీరు ఏడేళ్ళు మీ దగ్గరే పెట్టుకున్నారు. అది నా సొత్తండీ! నాదది!” ఆవిడ గొంతు పగిలింది. “ఎవరో మొహం తెలియని మనిషిని కూర్చోబెట్టుకుని చెప్పగలిగారు. పక్కనే పడుకున్నదానికి చెప్పలేకపోయారు. మోటారు రొదలో ఇంకేదో అన్నారు. అదేంటి?”

“ఏమీ లేదులే.”

“ఎందుకు దాచారో చెప్పారు. నేను వినలేదు. ఇప్పుడు చెప్పండి.”

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పాడు. “పిలిచిందని తెలిస్తే నువ్వు ఆ నిద్రని జన్మలో క్షమించవనిపించింది. నన్ను తిడతావని కాదు. నన్ను తిడితే పోయేది. నువ్వు ఇంకెప్పుడూ పడుకోవేమోనని. ఆ నిద్ర నీకు నేనిచ్చిందే కదా.”

టైలరమ్మ కొంగుతో మొహం ఒత్తుకుంది. 

“నేను వెళ్ళింది పడుకోవడానికి కాదు,” అంది చివరికి. “మీరు మందులకని కిందికెళ్ళినప్పుడు దానికీ నాకూ గొడవైంది. సెలైన్ సూది పీకేసుకుంది. నేను గట్టిగా అరిచాను. చావాలనుందా నీకు అన్నాను. ఆ మాటే అన్నాను. అది గోడవైపు తిరిగి, నువ్వు వెళ్ళిపో ఇక్కణ్ణుంచి అంది. అందుకే మీరు పొమ్మనగానే పోయాను. కోపంతో పోయాను. ఇంటికెళ్ళి ఏడ్చి ఏడ్చి పడుకున్నాను.” ఆవిడ ఆగింది. “ఏమీ అడగలేదు అన్నారు మీరు. నన్ను పొమ్మని, మళ్ళీ తలుచుకోకుండానే పోయిందనుకున్నా. ఏడేళ్ళు అలాగే అనుకున్నానండీ. దానికి నా మీద కోపం తీరనేలేదనుకున్నా.”

“అయ్యో,” అన్నాడాయన.  కుర్చీ ముందుకి జరిపి ఆవిడ చేతులు పట్టుకోబోయాడు. ఆవిడ విదిలించుకుంది. మళ్ళీ ఆవిడే ఆయన చొక్కా పట్టుకుని, ఆ గుడ్డ పిడికిట్లో నలిపేస్తూ ఏడ్చింది.

డైరెక్టర్ పిల్ల “ఆపెయ్” అంది కెమెరా అబ్బాయితో. అతను అప్పటికే ఆపేసి ఉన్నాడు. చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి మెడకి వేలాడేసుకోవడం అక్కడ అందరూ మొదటిసారి చూశారు. ముగ్గురూ చప్పుడు చేయకుండా బయటికొచ్చి, మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందనుకుంటే పొరపాటు. తొమ్మిది రోజులు టైలరమ్మ మొగుడితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, ఎదురుగా కూర్చునేది కాదు. ఆయన కూడా బతిమాలలేదు. పదో రోజున, బొత్తాలు కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి, “అప్పుడు దానికి చలి వేసిందా?” అని అడిగింది. లేదన్నాడు. కిటికీ తెరిచే ఉందన్నాడు. మర్నాడు ఇంకో ప్రశ్న. ఏ నర్సుంది? నొప్పన్నదా? జుట్టు ముడేసి ఉందా, విప్పి ఉందా? ఆయనకి గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాడు. గుర్తులేనిదాన్ని గుర్తులేదన్నాడు. ఒకసారి ఓదార్చడానికి ఏదో కలపబోతే ఆవిడ సూది ఎత్తి చూపించింది. “కలపకండి. ఉన్నదే చెప్పండి,” అంది. అలా ఆ అరగంటని ముక్క ముక్కగా ఆయన దగ్గర్నుంచి రాబట్టుకుంది. కొన్ని ముక్కలకి రెండు రోజులు లేవలేకపోయింది. కానీ అడగడం మానలేదు.

ఆ మధ్యలోనే ఒకరోజు డైరెక్టర్ పిల్ల వచ్చింది. పై వాటా ఖాళీ చేసేశారు. ఆమె చేతిలో కెమెరా కార్డులు పెట్టిన రెండు చిన్న డబ్బాలున్నాయి.

“ఒకదాంట్లో అంకుల్ మొదటిరోజు చెప్పింది. రెండోదాంట్లో మీరిద్దరూ. మీకు తెలిసే కూర్చున్నారుగానీ, అది తీయడానికి నాకు హక్కు లేదనిపిస్తోంది ఆంటీ. నిజానికి మొదటిదానికీ లేదు. అది ఆయన కథని అప్పుడు నాకు తెలీదు. రెండూ మీకే ఇచ్చేస్తా. వేరే ఎవరితోనైనా ఆ సీను మళ్ళీ తీసుకుంటా.”

“మీ నాటకాలాయనతోనా?” అన్నాడు లిఫ్ట్ మెకానిక్, గుమ్మంలోంచి.

ఆ పిల్ల నవ్వలేదు. కళ్ళ కింద నల్లబడి ఉంది. నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. టైలరమ్మ ఆమెని కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

“నీకెందుకమ్మా ఈ దెయ్యాలూ, చావులూ? హాయిగా నవ్వుకునే సినిమాలు తీసుకోకూడదూ?”

“మా ఇంట్లో తాతయ్య ఎలా పోయాడో నాకిప్పటికీ ఎవరూ చెప్పరాంటీ,” అంది ఆ పిల్ల, టీ గ్లాసులోకి చూస్తూ. “అడిగితే అమ్మ ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు అలా అమ్మ లేచి వెళ్ళినప్పుడల్లా ఆ గదిలో ఎవరో ఉన్నారనిపించేది.”

టైలరమ్మ భర్త వైపు చూసింది. ఆయన ‘నీ ఇష్టం’ అన్నట్టు భుజాలెగరేశాడు. ఆవిడ మాత్రం, “మీరు చెప్పండి. మాట మీది,” అంది.

ఆయన ఆలోచించాడు. “మొదటిది వాడుకోమ్మా. రొద ఉంటే ఉండనీ. ఆ ఆఖరి ముక్క మా ఆవిడ వినాల్సిందే గానీ జనం వినాల్సింది కాదు. రెండోది మాత్రం మాకిచ్చెయ్.”

సినిమా ఆరునెలల తర్వాత ఒక చిన్న హాల్లో వేశారు. వందమంది పట్టే హాల్లో యాభై మంది ఉన్నారు. ఆ పూట టైలరమ్మ దుకాణం మూసింది. పనున్న రోజున అలా మూయడం ఆవిడకి కొత్త. తలుపు తెరుచుకున్నప్పుడు ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంటే, లిఫ్ట్ మెకానిక్ ఛాతీ రెండంగుళాలు విచ్చుకుంది. ఆయన మాట్లాడే చోటికి వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. మోటారు రొద మీద ఆయన పెదాలు మాత్రం కదులుతుంటే, ఏం చెప్పాడో తెలిసినవాళ్ళు అక్కడ కొద్దిమందే. వెనక సీట్లోంచి ఎవరో, “ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో ఈ నటుణ్ణి, ఏం చేశాడు!” అన్నారు. టైలరమ్మ వెనక్కి తిరగలేదు. మొగుడి మోచెయ్యి పట్టుకుని ఉండిపోయింది.

అయ్యాక బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం బస్సు, సగం ఖాళీ.

“పిడుగు చూస్తే ఏమనేదో,” అన్నాడాయన.

“ఆ చొక్కా కాలరు చూసి నవ్వేది. చెప్పాను, మార్చుకోండని.”

“కాలరు సంగతి కాదే. ఆ కప్పీ తాడూ చూసి కనిపెట్టేసేది. లిఫ్ట్ సంగతులు దానికి నాకన్నా బాగా తెలుసు. ఎనిమిదో ఏటే పెట్టె పైకెక్కి ఆరంతస్తులు వచ్చింది నాతో.”

టైలరమ్మ కిటికీలోంచి తల తిప్పింది. “పెట్టె పైకా? లోపల కాదూ?”

ఆయన గతుక్కుమన్నాడు.

“నా పిల్లని లిఫ్ట్ నెత్తిమీద నిలబెట్టారా మీరు!”

“గట్టిగానే పట్టుకున్నాలే. అమ్మకి చెప్పనని అది నా చేత ఒట్టు వేయించుకుంది.”

“ఇంకేం చేశారు మీరిద్దరూ నాకు తెలియకుండా?” అని ఆవిడ గొంతు పెంచింది. ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. “ఒక్కటీ దాచకుండా చెప్పండి. ఇల్లు చేరేదాకా టైముంది.”

ఆయన సర్దుకుని కూర్చుని, మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టాడు.